పిన్నుల ఆట, దేశాల పోటీ

(ఆటల వెనుక కథలు – 17)

గత వారం కథను పిన్ బాయ్ దగ్గర ఆపాం. లేన్ చివర గుంటలో కాళ్ళు ముడుచుకు కూర్చుని, దూసుకొచ్చే బంతికి అందకుండా తప్పుకుంటూ, పడిన పిన్నుల్ని మళ్ళీ నిలబెట్టి, బంతిని వెనక్కి దొర్లించే కుర్రాడు. ఆ కుర్రాడి కూలి పోగొట్టిన యంత్రంతోనే ఈ వారం కథ మొదలవుతుంది. ఆ యంత్రం అద్దెకిచ్చే కంపెనీ తన వ్యాపారం కోసం ఒక కప్పు పెట్టింది. ఆ కప్పు కంపెనీ లెక్కకు అందకుండా పెరిగి ఫిన్లాండ్, ఫిలిప్పీన్స్, ఖతార్ లాంటి దేశాల ఇళ్ళకు చేరిపోయింది.

కొత్తగా చేరిన పాఠకులకు ఒక మాట. బౌలింగ్ అనగానే మనకు క్రికెట్టే గుర్తొస్తుంది. ఇది వేరు. నున్నటి లేన్ మీద బంతిని దొర్లించి, చివర ముక్కోణంలో నిలబెట్టిన పది పిన్నుల్ని పడగొట్టాలి. ఫౌల్ లైన్ నుంచి మొదటి పిన్ దాకా 60 అడుగులు, అంటే క్రికెట్ పిచ్ కంటే ఆరడుగులు తక్కువ. బంతి మాత్రం 16 పౌండ్ల దాకా, అంటే ఏడు కిలోల పైచిలుకు ఉండొచ్చు. పిన్ ఎత్తు 15 అంగుళాలు. ఒక ఆటలో పది ఫ్రేములు, ఒక్కో ఫ్రేములో రెండు అవకాశాలు. మొదటి బంతికే పదీ పడితే స్ట్రైక్, రెండో బంతితో మిగిలినవి కూడా పడితే స్పేర్. చివరి ఫ్రేములో దక్కే అదనపు బంతులతో కలిపి వరసగా పన్నెండు స్ట్రైకులు వేస్తే 300. అంతకు మించిన స్కోరు లేదు. మనవాళ్ళలో చాలామందికి ఇది హైదరాబాద్ మాల్‌లో అద్దె బూట్లు తొడుక్కుని ఒక గంట ఆడే సరదా. చిన్నప్పుడు ఏడు పెంకులాట ఆడినవాళ్ళకు ఇందులోని కిక్కు వేరే చెప్పక్కర్లేదు. పేర్చి ఉన్నదాన్ని కూల్చడంలో ఒక సంబరం ఉంది.

ఇక యంత్రం సంగతి. న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే ఊళ్ళో ఫ్రెడ్ ష్మిట్ అనే మెకానిక్ 1936 ప్రాంతంలో పిన్నుల్ని గాలి పీల్పుతో పట్టి ఎత్తే యంత్రాన్ని తయారుచేశాడు. ఆ ఆలోచనను కొన్నది అమెరికన్ మెషీన్ అండ్ ఫౌండ్రీ, పొట్టిగా ఏఎంఎఫ్. 1900లో పుట్టిన ఈ కంపెనీకి బౌలింగుతో చుట్టరికమేమీ లేదు. దాని అసలు సరుకు పొగాకు, సిగరెట్ల యంత్రాలు. యుద్ధం అడ్డొచ్చి, పని ఆలస్యమై, 1946లో బఫెలో నగరంలో యంత్రాన్ని జనానికి చూపించారు. 1950ల్లో అది ఊరూరా చేరింది.

కంపెనీ తెలివంతా ఒక్క నిర్ణయంలో ఉంది. యంత్రాన్ని అమ్మలేదు, అద్దెకిచ్చింది. అద్దె కూడా నెలకింత అని కాదు, ఆడిన ఆటల లెక్కన. అమెరికాలో ఏ మూల ఎవరు ఒక ఆట ఆడినా అందులో కొన్ని సెంట్లు ఏఎంఎఫ్ జేబులోకి వెళ్ళాయి. రాత్రి పదయ్యాక ఇంటికి పోవాలనే కుర్రాడితో అవసరం తీరిపోవడంతో యజమానులు అర్ధరాత్రి దాకా లేన్లు తెరిచి ఉంచారు. షిఫ్టు దిగిన కార్మికులు వచ్చారు, ఆడవాళ్ళు పగటిపూట వచ్చారు, చర్చి బృందాలు వచ్చాయి. 1960ల మొదటికి ఆ దేశంలో బౌలింగ్ సెంటర్లు పది వేలు దాటాయి.

జనానికి సరిపడా సెంటర్లు కట్టి ఆగితే బాగుండేది. ఆగలేదు. ఒకే వీధిలో మూడు సెంటర్లు లేచాయి. 1962 నాటికి షేర్ మార్కెట్లో ఏఎంఎఫ్, దాని పోటీదారు బ్రన్స్‌విక్ రెండింటి ధరలూ నేల మీద పడ్డాయి. ఇంట్లో అద్దెకు తీసుకునేవాడు దొరకకపోతే పొరుగూరు వెళ్ళాల్సిందే. ఏఎంఎఫ్ సముద్రాలు దాటింది. అప్పటికే 1960 జనవరిలో లండన్ స్టామ్‌ఫర్డ్ హిల్‌లో ఒక పాత సినిమా హాలును బౌలింగ్ సెంటర్ చేశారు. అది బ్రిటన్‌లో మొదటిది. 1963లో డబ్లిన్ శివారు స్టిలోర్గన్‌లో ఐర్లండ్ మొదటి సెంటర్ తెరుచుకుంది. సినిమా హాళ్ళు మూతపడుతున్న కాలంలో ఆ స్థలాల్లోకే కొత్త వినోదం దూరడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది. మన ఊళ్ళల్లో హాళ్ళు కల్యాణ మండపాలు అయినట్టే ఇదీ.

కొత్త దేశాల్లో యంత్రం పెడితే చాలదు, ఆడేవాళ్ళు కావాలి. ఆడేవాళ్ళు కావాలంటే పేపర్లో పడాలి. అలా 1965లో డబ్లిన్‌లో ఇంటర్నేషనల్ మాస్టర్స్ అనే పేరుతో ఒక పోటీ పెట్టారు. తర్వాత అదే బౌలింగ్ వరల్డ్ కప్ అయింది. దీని నిబంధన ఒక్కటే అయినా కథనంతటినీ మలుపు తిప్పింది. దేశానికి ఒక్కడే ఆటగాడు. 1972 నుంచి దేశానికి ఒక్క మగవాడు, ఒక్క ఆడమనిషి. ప్రతి దేశమూ తన సెంటర్లలో ఎంపిక పోటీలు నడుపుకుని ఆ ఒక్కరిని పంపాలి. ఊళ్ళో జరిగే ఎంపిక పోటీకి నెలల తరబడి సాధన, సాధనకు ఆటలు, ఆటలకు డబ్బులు. కంపెనీ అడిగింది అంతే. అయినా వేల సెంటర్లున్న అమెరికాకూ ఒక్కటే కుర్చీ, రెండో మూడో సెంటర్లున్న దేశానికీ ఒక్కటే కుర్చీ వేయడం వల్ల ఆ పోటీకి వేరే స్వభావం వచ్చింది.

అంతర్జాతీయ పోటీలు అంతకుముందు లేవని కాదు. బౌలింగ్ సంఘాల అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్ఐక్యూ 1952లో హాంబర్గ్‌లో పుట్టి, 1954లో ఫిన్లాండ్‌లోని హెల్సింకీలో తన మొదటి ప్రపంచ పోటీలు నడిపింది. డబ్లిన్‌లో మొదటి కప్పు గెలిచిన లౌరీ అయాంతో ఆ ఫిన్లాండ్ వాడే. రెండో ఏడు లండన్‌లో బ్రిటన్‌కు చెందిన జాన్ విల్‌కాక్స్. మూడో ఏడు పారిస్‌లో గానీ ఆట పుట్టిల్లు అమెరికాకు వంతు రాలేదు, జాక్ కానాటన్ గెలిచాడు. 1968 గ్వాడలహారాలో పశ్చిమ జర్మనీ, 1969 టోక్యోలో కెనడా, 1970 కోపెన్‌హాగెన్‌లో మళ్ళీ పశ్చిమ జర్మనీ. 1971 హాంకాంగ్‌లో గెలిచిన అమెరికన్ రోజర్ డాల్కిన్ తర్వాతి కాలంలో అమెరికా బౌలింగ్ సంఘానికే అధిపతి అయ్యాడు. డాల్కిన్ తర్వాత అమెరికా మగవాళ్ళు మళ్ళీ గెలవడానికి 1981 దాకా ఆగాల్సి వచ్చింది. 1965 నుంచి 1980 దాకా పదహారు పోటీల్లో వాళ్ళకు దక్కింది రెండే.

ఇందులో ఒక మెలిక ఉంది, దాచడం న్యాయం కాదు. ఇది అమెచ్యూర్ల పోటీ. ఆడి డబ్బు గడించే ప్రొఫెషనల్‌కు అప్పట్లో ప్రవేశం లేదు. అమెరికాలో 1958లోనే ప్రొఫెషనల్ బౌలర్ల సంఘం పుట్టింది. డాన్ కార్టర్, డిక్ వెబర్, ఎర్ల్ ఆంథొనీ లాంటి మహామహులంతా అందులో ఉన్నారు. వాళ్ళెవరూ ఈ గుమ్మం తొక్కలేదు. కనుక అమెరికాను ప్రపంచం ఓడించిందని డప్పు కొట్టడం తొందరపాటే. అయితే ఆ గైర్హాజరీ వల్లే బ్యాంకాక్‌లోనో బొగోటాలోనో పగలు ఉద్యోగం, సాయంత్రం సాధన చేసుకునే మనిషికి ప్రపంచ విజేత అయ్యే దారి తెరుచుకుంది.

పోటీ జరిగిన ఊళ్ళ పేర్లు వరసగా రాసి చూస్తే అదొక సేల్స్ మేనేజర్ టూర్ డైరీలా కనిపిస్తుంది. టోక్యోనే తీసుకోండి. 1969లో అక్కడ కప్పు జరిగింది. మరుసటి ఏడాది ఆగస్టులో రిత్సుకో నకయామా అనే బౌలర్ టీవీ కెమెరాల ముందు 300 వేసింది. ఆ దెబ్బకు జపాన్ ఊగిపోయింది. 1972 నాటికి ఆ దేశంలో సెంటర్లు 3,600 దాటాయి. గంటల తరబడి వరసలో నిలబడి ఆడారు. ఆ వెంటనే అమెరికా కథే అక్కడా జరిగింది. కట్టినంత వేగంగా మూసేశారు. ఆ ఎగుడుదిగుడులన్నీ చూస్తూనే కప్పు మాత్రం హాంకాంగ్, సింగపూర్, కరాకస్ అంటూ ఊళ్ళు తిరిగింది. 1975లో మనీలా చేరింది. అదే ఏడాది, అదే మహానగరంలో ముహమ్మద్ అలీ, జో ఫ్రేజియర్‌ల బాక్సింగ్ జరిగి లోకమంతా అటు చూసింది. బౌలింగ్ కప్పును ఇటలీవాడు లొరెంజో మోంతీ పట్టుకుపోయాడు. ఆతిథ్యమిచ్చిన ఫిలిప్పీన్స్‌కు మిగిలింది నిరాశే. ఒక్క ఏడాది పాటే.

1976లో టెహరాన్. అప్పటికి ఇరాన్‌లో షా పాలన. ఆ నగరానికి బౌలింగ్ తెచ్చినవాడి కథ కూడా చెప్పుకోవాలి. అలీ అబ్దో అనే బాక్సర్ అమెరికా నుంచి తిరిగొచ్చి 1963లో పెర్సెపోలిస్ అనే క్రీడా క్లబ్బు పెట్టాడు, బౌలింగ్ సెంటర్ కట్టాడు. ఇవాళ ఇరాన్‌లో కోట్ల మంది వెర్రిగా అభిమానించే పెర్సెపోలిస్ ఫుట్‌బాల్ జట్టు ఆ క్లబ్బు బిడ్డే. 1979 విప్లవం తర్వాత ఆ పాత వినోదాల్లో చాలావాటికి తలుపులు మూసుకున్నాయి. మూడేళ్ళు ఆలస్యమై ఉంటే ఆ నగరంలో ఈ పోటీ జరిగేదే కాదు.

అక్కడికి మనీలా నుంచి పందొమ్మిదేళ్ళ కుర్రాడు వచ్చాడు. పేరు రాఫాయెల్ నెపొముసెనో. రాఫాయెల్ అనే పేరును ఫిలిప్పీన్స్‌లో ముద్దుగా పాయెంగ్ అంటారు. లోకమంతా ఆ పిలుపుతోనే అతన్ని గుర్తుపెట్టుకుంది. ఆరడుగుల పైన ఎత్తు, ఎడమచేతి వాటం. పదేళ్ళప్పుడు ఆట మొదలుపెట్టాడు. తండ్రి ఏంజెల్ నెపొముసెనోనే గురువు. టెహరాన్‌లో కప్పు గెలిచి, అప్పటిదాకా దాన్ని గెలిచినవాళ్ళందరిలోకీ చిన్నవాడయ్యాడు. తర్వాత 1980 జకార్తా, 1992 ఫ్రాన్స్‌లోని ల మాన్, 1996 బెల్‌ఫాస్ట్. మొత్తం నాలుగు కప్పులు, మూడు వేర్వేరు దశాబ్దాల్లో. మగవాళ్ళలో ఇంకెవరూ నాలుగు సార్లు గెలవలేదు. గిన్నిస్ పుస్తకంలో అతని పేరు ఎక్కడానికి అది చాలింది. ఎఫ్ఐక్యూ అతన్ని సహస్రాబ్ది బౌలర్‌గా గౌరవించింది.

ఎడమచేతి సంగతి దగ్గర కాస్త ఆగాలి. బౌలింగ్ సెంటర్లలో దీని మీద పాత సణుగుడు ఒకటుంది. లేన్ చూడ్డానికి ఉత్త చెక్కలా ఉంటుంది గానీ దాని మీద కంటికి కనిపించని నూనె పూస్తారు. మొదట అది చెక్కను కాపాడటానికి. తర్వాత ఆటకే అది గుండెకాయ అయింది. నూనె ఉన్నచోట బంతి జారుకుంటూ పోతుంది. నూనె లేనిచోట పట్టు దొరికి వంపు తిరుగుతుంది. మంచి బౌలర్ బంతి నేరుగా పోదు. మొదట జారి, చివర్లో కొంకి తిరిగి, ముందు పిన్నుకూ దాని పక్క పిన్నుకూ మధ్య సందులో పడుతుంది. ఆటగాళ్ళలో ఎక్కువమంది కుడిచేతివాళ్ళు. గంటలు గడిచేకొద్దీ వాళ్ళ బంతులన్నీ కుడివైపు నూనెను అరగదీసి ముందుకు తోసేస్తాయి. పొద్దున పనిచేసిన దారి మధ్యాహ్నానికి పనిచేయదు. ఎడమవైపు మాత్రం సాయంత్రం దాకా దాదాపు తాజాగానే ఉంటుంది. "ఆయనకేం, ఖాళీ రోడ్డు" అని కుడిచేతివాళ్ళ గొణుగుడు.

ఆ గొణుగుడును నేను సగమే నమ్ముతాను. కుడివైపు ఆడేవాడికి పక్కవాడి బంతి చూసి నేర్చుకునే వీలుంటుంది. నూనె ఎక్కడ తెగిందో ముందున్న పదిమంది చెబుతారు. ఎడమచేతివాడు తన దారి తనే కనిపెట్టాలి. పైగా నాలుగు కప్పులూ నాలుగు వేర్వేరు నగరాల్లో, ఇరవయ్యేళ్ళ ఎడంలో. ఆ మధ్యలో బంతులు రబ్బరు నుంచి ప్లాస్టిక్‌కూ, యురేథేన్‌కూ, రెజిన్‌కూ మారాయి. లేన్లు చెక్క నుంచి సింథటిక్‌కు మారాయి. 1976లో నేర్చిన వంపు 1996లో చెల్లదు. పందొమ్మిదేళ్ళకు గెలవడం కంటే ముప్పై తొమ్మిదేళ్ళకు గెలవడం గొప్పని నాకనిపించేది అందుకే.

ఫిలిప్పీన్స్ కథ పాయెంగ్ ఒక్కడితో అయిపోదు. ఆ దేశం దాదాపు అర్ధశతాబ్దం అమెరికా ఏలుబడిలో ఉంది. బాస్కెట్‌బాల్, బౌలింగ్ రెండూ ఆ పాలకుల సామానులో వచ్చినవే. ఎత్తు కావాల్సిన బాస్కెట్‌బాల్‌కు ఆ దేశం ప్రాణం పెట్టింది. గెలిపించింది మాత్రం బౌలింగ్. 1978 బొగోటాలో లీతా డె లా రోసా, 1979 బ్యాంకాక్‌లో బాంగ్ కో మహిళల కప్పులు తెచ్చారు. 1978లోనే బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో బౌలింగ్ తొలిసారి చేరింది. పాయెంగ్ కప్పులు రెండూ కలిపితే అయిదేళ్ళలో, 1976 నుంచి 1980 దాకా, ఫిలిప్పీన్స్‌కు నాలుగు ప్రపంచ కప్పులు. ఆ ఆసియా క్రీడలకు పదేళ్ళ తర్వాత, 1988 సియోల్ ఒలింపిక్స్‌లో బౌలింగును ప్రదర్శన ఆటగా ఒక్క రోజు ఆడించారు. మగవాళ్ళు పన్నెండు మంది, ఆడవాళ్ళు పన్నెండు మంది. ఆడవాళ్ళలో మొదటి స్థానం ఆరియాన్ సెర్దేన్యా అనే ఫిలిప్పీన్స్ అమ్మాయిది. ప్రదర్శన ఆట కనుక ఆ స్వర్ణం పతకాల పట్టికలో చేరలేదు. ఒలింపిక్ స్వర్ణం కోసం ఆ దేశం ఆ తర్వాత 2021లో టోక్యోలో హిడిలిన్ డియాజ్ బరువులెత్తేదాకా ఎదురుచూసింది. సెర్దేన్యాకు పతకం దక్కింది, లెక్క దక్కలేదు. ఆ తర్వాత బౌలింగ్ ఒలింపిక్స్ గుమ్మంలోకి మళ్ళీ రాలేదు. అందుకే ఒక కంపెనీ పెట్టిన ఈ కప్పే చాలా దేశాల బౌలర్లకు ఒలింపిక్స్‌తో సమానమైంది.

ఎనభైల చివర్లో గల్ఫ్ వంతు. 1988 గ్వాడలహారాలో యూఏఈ ఆటగాడు మొహమ్మద్ ఖలీఫా గెలిచాడు. మరుసటి ఏడాది కప్పు పుట్టిన ఊరు డబ్లిన్‌కే తిరిగొస్తే, ఖతార్ నుంచి సాలెం అల్ మన్సూరి పట్టుకుపోయాడు. ఎండ మంటకు బయట ఆడలేని దేశాల్లో ఏసీ హాల్లో ఆడే ఆట నిలదొక్కుకోవడం సహజమే. మన తెలుగువాళ్ళు వేలమంది పనిచేసే ఆ దుబాయ్, దోహాల్లో బౌలింగ్ అక్కడివాళ్ళకు టైంపాస్ కాదు, జాతీయ జట్టు ఉన్న ఆట.

తొంభైల్లో కప్పు వెళ్ళిన ఊళ్ళను చూస్తే రాజకీయ వార్తల పేజీ తిప్పినట్టుంటుంది. 1991లో బీజింగ్. 1993లో జొహానెస్‌బర్గ్, అంటే నల్లవాళ్ళకు తొలిసారి ఓటు దక్కిన ఎన్నికలకు కొన్ని నెలల ముందు. 1994లో మెక్సికోలోని ఎర్మోసియోలో మహిళల కప్పు దక్షిణాఫ్రికాకు చెందిన ఆన్ జేకబ్స్‌ది. 1996లో బెల్‌ఫాస్ట్. ఆ ఫిబ్రవరిలోనే ఉత్తర ఐర్లండ్ సాయుధ సంస్థ ఐఆర్ఏ కాల్పుల విరమణ తెగిపోయింది. అలాంటి ఏడాదిలో తొంభై దాకా దేశాల బౌలర్లు ఆ నగరంలో దిగడం, వాళ్ళ మధ్య ముప్పై తొమ్మిదేళ్ళ పాయెంగ్ నాలుగో కప్పు ఎత్తడం జరిగాయి. మహిళల విజేత ఆస్ట్రేలియా అమ్మాయి కారా హనీచర్చ్.

1997లో కైరో వెళ్ళారు. ఈసారి సెంటర్ కోసం వెతకలేదు. గీజా పిరమిడ్ల పక్కన గుడారం వేసి, అందులో ప్రత్యేకంగా లేన్లు పరిచారు. ప్రచారానికి ఇంతకంటే గొప్ప ఫొటో దొరకదని కంపెనీకి తెలుసు. వాళ్ళు వాడుకోని ముక్క ఇంకొకటి కూడా ఆ నేలలోనే ఉంది. నైలు వెంట దక్షిణంగా వెళితే నకాదా అనే చోట, 1890ల్లో ఫ్లిండర్స్ పెట్రీ అనే ఆంగ్ల పురావస్తు పండితుడు ఒక చిన్నపిల్ల సమాధి తవ్వాడు. పిరమిడ్ల కంటే పాతది, అయిదు వేల ఏళ్ళ పైమాట. అందులో చిన్న చిన్న రాతి పిన్నుల్లాంటి తొమ్మిది ముక్కలు, రాతి గోళీలు, గోళీ దూరడానికి సరిపోయే రాతి ద్వారం దొరికాయి. ఇది దొర్లించి పడగొట్టే ఆట సామాను అయ్యుంటుందని పెట్రీ అన్నాడు. అవునో కాదో చెప్పగలిగిన పిల్ల ఆ సమాధిలోనే ఉండిపోయింది. గుడారంలో ఆ ఏడు గెలిచింది జర్మనీకి చెందిన క్రిస్టియన్ నోకెల్, తైవాన్ అమ్మాయి సెంగ్ సు ఫెన్.

అప్పటికి కంపెనీ తాళాలు చేతులు మారాయి. 1996లో వాల్ స్ట్రీట్ బ్యాంకు గోల్డ్‌మన్ శాక్స్ నాయకత్వంలో కొందరు దాన్ని కొన్నారు. పెట్టుబడిలో అధిక భాగం అప్పే. ఆ అప్పుతో సెంటర్ల మీద సెంటర్లు కొంటూ పోయారు. 1962లో నేర్చుకోవాల్సిన పాఠాన్ని కొత్త యజమానులు మళ్ళీ మొదటి పేజీ నుంచి చదివారు. 2001 వేసవిలో ఏఎంఎఫ్ దివాలా కోర్టు మెట్లెక్కింది. కప్పు మాత్రం ఆ ఏడాది కూడా ఆగలేదు, థాయ్‌లాండ్‌లోని పట్టాయాలో జరిగింది. అప్పులవాళ్ళు గుమ్మంలో ఉండగా ఇంట్లో పెళ్ళి ఎలా జరిగిందో, అమెచ్యూర్ల గుమ్మంలోకి ప్రొఫెషనల్స్ ఎలా వచ్చారో వచ్చే వారం.

(సశేషం)